మొహమాటం ఇక్కడే వదిలి బయల్దేరండి!

సెమిస్టర్ ఎక్స్ఛేంజ్. సమ్మర్ రీసెర్చ్ ఇంటర్న్‌షిప్. స్టడీ అవే. గ్లోబల్ ప్రోగ్రామ్.

ఈ మాటలు వినగానే మీలో చాలామంది ఏమనుకుంటారో నాకు తెలుసు. ‘అవన్నీ టాపర్లకు. డబ్బున్నవాళ్లకు. ఇంగ్లిష్ గలగలా మాట్లాడేవాళ్లకు.’

కాదు. అవి మీకే. పదో తరగతి దాకా తెలుగు మీడియంలో చదివి, ఇప్పుడిప్పుడే ఇంగ్లిష్‌లో నిలదొక్కుకుంటున్న మీకు మరీను.

ముందు ఒక అపోహ తీసేద్దాం. మన ఇళ్లలో ‘ఫారిన్ చదువు’ అనగానే ఒకటే గుర్తొస్తుంది. బీటెక్ అవగానే ఎంఎస్, బ్యాంకు లోను, ఎఫ్-1 వీసా, తర్వాత ఉద్యోగం. అది జీవితాన్నే మలుపు తిప్పే నిర్ణయం. నేను చెబుతున్నది దాని గురించి కాదు. మీ డిగ్రీ ఇక్కడే ఉంటుంది. కొన్ని వారాలో, ఒక సెమిస్టరో, మహా అయితే ఒక ఏడాదో వేరే చోట చదువుతారు. తిరిగొచ్చి మీ క్లాసులోనే కూర్చుంటారు.

ఈ ఆలోచన పుట్టి వందేళ్లు దాటింది. అమెరికాలోని డెలావేర్ యూనివర్సిటీలో రేమండ్ కర్క్‌బ్రైడ్ ఫ్రెంచ్ చెప్పేవారు. మొదటి ప్రపంచ యుద్ధంలో పాల్గొని వచ్చిన మనిషి. డిగ్రీ మూడో ఏడాది పిల్లల్ని ఫ్రాన్స్‌లో చదివిద్దామన్నారు. యూనివర్సిటీ నిధులు దొరకలేదు. దాతల దగ్గర పోగు చేశారు. 1923లో ఎనిమిది మంది విద్యార్థులు ఓడెక్కారు. ఎనిమిది మందే! నేటి ఎక్స్ఛేంజ్ ప్రోగ్రాములకు అదే మొదలు.

స్టడీ అవేకు దేశం దాటి తీరాలని కూడా లేదు. రాష్ట్రాలను జతలుగా కలిపే కేంద్ర ప్రభుత్వ కార్యక్రమం ‘ఏక్ భారత్ శ్రేష్ఠ భారత్’లో ఆంధ్రప్రదేశ్‌కు పంజాబ్‌ను, తెలంగాణకు హర్యానాను జత చేశారు. గుంటూరు విద్యార్థి అమృత్‌సర్ వెళ్తే భాష రాదు, తిండి కొత్త, చలి కొత్త. కావాల్సింది అదే.

ఎందుకంటే దూరం దానంతటదే ఎవర్నీ మార్చదు. మీ పాత అలవాట్లు చెల్లని చోట నిలబడి కొత్తవి చేసుకున్నప్పుడే మీరు మారతారు. మిమ్మల్ని అక్కడిదాకా చేర్చడం ప్రోగ్రామ్ పని. ఆ తర్వాతిదంతా మీ పని. ఆ పని ఎలా చేయాలో చూద్దాం.

రావు గారు తట్టిన రెండో తలుపు

1946. కలకత్తాలోని ఇండియన్ స్టాటిస్టికల్ ఇన్‌స్టిట్యూట్ (ఐఎస్ఐ)లో పనిచేస్తున్న పాతికేళ్ల తెలుగు యువకుడు కేంబ్రిడ్జ్ చేరుకున్నారు. పేరు కల్యంపూడి రాధాకృష్ణారావు. ఆంధ్రా యూనివర్సిటీలో గణితం చదివినవారు. తర్వాత ప్రపంచమంతా సి.ఆర్. రావుగా ఎరిగినవారు.

వెళ్లింది ఒక పరిమితమైన పని మీద. సూడాన్‌లోని జెబెల్ మోయా తవ్వకాల్లో మనుషుల అస్థిపంజరాలు దొరికాయి. వాటి కొలతలు తీసి గణాంక పద్ధతుల్లో విశ్లేషించాలి. చోటు, యూనివర్సిటీ మ్యూజియం. ఆ పని ముగించుకుని వచ్చేసినా ఎవరూ వేలెత్తి చూపేవారు కాదు.

కానీ అదే ఊళ్లో ఆర్.ఎ. ఫిషర్ ఉన్నారు. ఆధునిక గణాంకశాస్త్రానికి పునాదులు వేసిన మనిషి. రావు గారు నేరుగా వెళ్లి ఆయన దగ్గర పీహెచ్‌డీ చేస్తానని అడిగారు. ఫిషర్ సరేనన్నారు, ఒక షరతు మీద. తన జెనెటిక్స్ ల్యాబ్‌లో కూడా పనిచేయాలి. అక్కడ జరిగేది ఎలుకల పెంపకం, వాటి జన్యువులు క్రోమోజోముల్లో ఎక్కడున్నాయో గుర్తించడం. లెక్కల మనిషికి ఎలుకలతో పని! రావు గారు వెనకాడలేదు. ఒక పక్క మ్యూజియం, ఇంకో పక్క ల్యాబ్. 1948లో పీహెచ్‌డీ పూర్తి చేసుకుని కలకత్తాకు తిరిగొచ్చేశారు.

ఇందులో మీకు పనికొచ్చేవి ఏరుకోండి.

ఆయన ఉత్త చేతులతో వెళ్లలేదు. వెళ్లడానికి ముందే, 1945లోనే, ఈ రోజు స్టాటిస్టిక్స్ విద్యార్థులంతా చదివే క్రామర్–రావు ఫలితాన్ని ప్రచురించారు. మీరూ ఏదో ఒక పని పట్టుకుని వెళ్లండి. సగంలో ఉన్న ప్రాజెక్టు, ఒక ప్రశ్న, ఒక డేటాసెట్. ఏదైనా సరే.

ఎవరూ పిలవకపోయినా తలుపు తట్టారు. తన సబ్జెక్టు కాని పనికి ‘సరే’ అన్నారు. అన్నిటికన్నా ముఖ్యం, తిరిగొచ్చి శిష్యుల్ని తయారు చేశారు. 2007లో గణితంలో ఏబెల్ బహుమతి అందుకున్న ఎస్.ఆర్. శ్రీనివాస వరధన్, ఐఎస్ఐలో రావు గారి దగ్గర పీహెచ్‌డీ చేసినవారే. ఒక మనిషి రెండేళ్లు బయట గడిపితే దాని ఫలం ఒక తరం దాకా అందింది.

‘అర్థమైంది సార్’ అనడం మానేయండి

మన క్లాసుల్లో ఒక మాట రోజూ వినిపిస్తుంది. ‘అర్థమైందా?’ ‘అయింది సార్!’ అరవై మందీ కలిసి అంటారు. అర్థం కానివాళ్లూ అంటారు. నలుగురిలో లేచి అడగాలంటే మొహమాటం. అడిగితే సార్ ఏమనుకుంటారో, పక్కవాడు నవ్వుతాడేమో.

ఇప్పుడు అక్కడి సెమినార్ క్లాసు చూడండి. పెద్ద టేబుల్. చుట్టూ పది పన్నెండు మంది. నిన్న రాత్రి చదవమన్న వ్యాసం అందరి ముందూ ఉంది. ప్రొఫెసర్ మొదటి ప్రశ్నే ఇలా వేస్తారు: ‘ఈ రచయిత ఎక్కడ పొరబడ్డాడంటారు?’

మీకు వ్యాసం మొత్తం వచ్చు. పాయింట్లన్నీ వచ్చు. కానీ అచ్చులో ఉన్న మాటను తప్పు పట్టమని మిమ్మల్ని ఇంతవరకూ ఎవరూ అడగలేదు. నోరు పెగలదు. చుట్టూ ఉన్నవాళ్లు మీకంటే తక్కువ చదివినా ధీమాగా మాట్లాడేస్తుంటారు. మొదటి వారం చాలామంది మనవాళ్లు తలవంచుకుని నోట్స్ రాసుకునేది అందుకే. చాలా కోర్సుల్లో క్లాసులో మాట్లాడడానికీ మార్కులుంటాయి. మౌనంగా ఉంటే మీరు బుద్ధిమంతులని అక్కడ ఎవరూ అనుకోరు. చదివి రాలేదనుకుంటారు.

అందుకే సాధన ఇక్కడే మొదలుపెట్టండి. ఈ రోజు నుంచే.

• క్లాసు మొదలైన పది నిమిషాల్లోపు ఒక్క మాటైనా మాట్లాడండి. ఆలస్యమయ్యే కొద్దీ భయం పెరుగుతుంది.

• చదివిన ప్రతి వ్యాసం పక్కన ఒక అభ్యంతరం రాయండి. ‘ఇది మా జిల్లాలో నిజమేనా?’ అన్నా చాలు. మీ దగ్గర మాత్రమే ఉన్న ప్రశ్న అది.

• ఆఫీస్ అవర్స్ వాడుకోండి. అవి విద్యార్థుల కోసం ప్రొఫెసర్ కేటాయించిన సమయం. ‘డిస్టర్బ్ చేస్తున్నానేమో’ అనే ఆలోచన పక్కన పెట్టండి.

• మీ మాటల్లో రాయండి. తీసుకున్న ప్రతి వాక్యానికీ మూలం చెప్పండి. అక్కడ ఒక్క పేరా కాపీ కొట్టినా కోర్సే పోవచ్చు. ఈ విషయంలో రాజీ లేదు.

పోపు పెట్టారు, అలారం మోగింది

క్లాసు కంటే ఎక్కువ నేర్పేది హాస్టల్ వంటగది. నిజం.

ఆదివారం సాయంత్రం. ఒక ఫ్లోర్‌లో ఉన్నవాళ్లందరికీ కలిపి ఒకటే కిచెన్. మీరు పప్పుచారు పెడుతున్నారు. నూనె కాగింది. ఆవాలు చిటపటలాడాయి. ఎండుమిర్చి వేశారు. ఘాటు లేచింది. పైన స్మోక్ అలారం మోగిపోయింది. అందరూ గదుల్లోంచి దగ్గుకుంటూ బయటికొచ్చారు.

ఇప్పుడు మీ ముందు రెండు దారులు. ‘సారీ సారీ’ అంటూ గిన్నె పట్టుకుని గదిలోకి వెళ్లి తలుపేసుకోవడం, రేపటి నుంచి బ్రెడ్డు తిని పడుకోవడం. లేదా కిటికీ తెరిచి, ఎగ్జాస్ట్ వేసి, ‘ఇదీ మా వంట, రుచి చూడండి’ అని నాలుగు కప్పుల్లో పోసి ఇవ్వడం. రెండో దారిలో వెళ్లండి. ఆ కప్పు అందుకున్నవాళ్లలో ఒకరు మీకు లైబ్రరీ చూపిస్తారు. ఇంకొకరు మీ ఎస్సే దిద్దిపెడతారు. పోపు ఎలా పెట్టాలో మీరు వాళ్లకు ఇంగ్లిష్‌లో చెబుతారు. భాష అలా వస్తుంది. స్పోకెన్ ఇంగ్లిష్ పుస్తకంతో రాదు.

తెలుగువాళ్లతో స్నేహం మానమని కాదు. జ్వరమొస్తే చారు కాచి ఇచ్చేది వాళ్లే. కానీ నలుగురు తెలుగు రూమ్‌మేట్లు, రాత్రి తెలుగు సినిమా, వీకెండ్ తెలుగు పార్టీ, ఇలా ఒక సెమిస్టర్ గడిచిపోతే మీరు అమీర్‌పేట నుంచి అడుగు బయట పెట్టనట్టే. వారంలో మూడు భోజనాలు వేరే దేశం వాళ్లతోనో, వేరే రాష్ట్రం వాళ్లతోనో చేయాలని నియమం పెట్టుకోండి. క్యాలెండర్‌లో రాసుకోండి. రాసుకోకపోతే జరగదు.

మధ్యలో దిగులు వస్తుంది. రానివ్వండి

మొదటి వారాలు అన్నీ బాగుంటాయి. మంచు బాగుంటుంది. బస్సు టైముకు రావడం బాగుంటుంది. ఆ తర్వాత ఒక రోజు ఏదీ నచ్చదు. అమ్మ ఫోన్‌లో ‘తిన్నావా?’ అనగానే గొంతు పూడుకుపోతుంది. ‘నేనెందుకొచ్చానిక్కడికి?’ అనిపిస్తుంది.

ఇది మీ ఒక్కరికే జరగడం లేదు. స్వెరె లిస్‌గార్డ్ అనే నార్వే పరిశోధకుడు అమెరికాలో చదివొచ్చిన 200 మంది నార్వే ఫుల్‌బ్రైట్ స్కాలర్లను పరిశీలించి 1955లో ఒక వ్యాసం రాశారు. ఆరు నెలల లోపు ఉన్నవాళ్లు బాగానే కుదురుకున్నారు. పద్దెనిమిది నెలలు దాటినవాళ్లూ కుదురుకున్నారు. మధ్యకాలంలో ఉన్నవాళ్లకే కష్టంగా గడిచింది. గీత గీస్తే ఇంగ్లిష్ అక్షరం ‘యు’లా వచ్చింది. అందరి అనుభవం ఇదే గీతలో నడవదని తర్వాత వచ్చిన పరిశోధకులు చెప్పారు, అది కూడా నిజమే. కానీ దిగులు దారిలో ఒక భాగమని తెలిసినవాడు మధ్యలో టికెట్ బుక్ చేసుకోడు.

దిగులొచ్చిన రోజు చేయాల్సినవి మూడే. గదిలోంచి బయటికి రండి. రోజూ ఒకే టైముకు నడవండి. ఇంటికి ఫోన్ చేయండి కానీ గంటలకొద్దీ వీడియో కాల్‌లో ఉండిపోకండి. రెండు వారాలు దాటినా నిద్ర, తిండి సరిగా లేకపోతే యూనివర్సిటీ కౌన్సెలింగ్ సెంటర్‌కు వెళ్లండి. చాలా యూనివర్సిటీల్లో విద్యార్థులకు ఆ సదుపాయం ఉంటుంది. జ్వరానికి డాక్టరు దగ్గరికి వెళ్లినట్టే వెళ్లండి.

సంతకం ముందు, ప్రయాణం తర్వాత

సోఫియా కొరాడి అనే ఇటలీ విద్యార్థిని 1950ల చివర్లో ఫుల్‌బ్రైట్ స్కాలర్‌షిప్ మీద న్యూయార్క్‌లోని కొలంబియా యూనివర్సిటీలో లా చదివారు. రోమ్ తిరిగొచ్చి, అక్కడ చదివినదాన్ని గుర్తించమని యూనివర్సిటీని అడిగారు. గుర్తించలేదు. పైగా నలుగురి ముందూ చులకన చేసి పంపేశారు. ఆమె ఆ అవమానాన్ని దిగమింగుకుని ఊరుకోలేదు. 1969 నుంచి ఏళ్ల తరబడి పట్టుబట్టారు. విద్యార్థి వేరే దేశంలో చదివిన చదువుకు సొంత యూనివర్సిటీ లెక్క కట్టాలన్నదే ఆమె వాదన. 1987లో యూరప్ దేశాల మధ్య విద్యార్థుల ఎక్స్ఛేంజ్ ప్రోగ్రామ్ ‘ఎరాస్మస్’ మొదలైంది. తొలి ఏడాది 11 దేశాల నుంచి 3,244 మంది వెళ్లారు. కొరాడిని యూరప్ ‘మమ్మా ఎరాస్మస్’ అని పిలుచుకుంది.

ఆమె పోరాటం వల్ల యూరప్‌లో ఇవాళ విద్యార్థి బయల్దేరే ముందే ‘లెర్నింగ్ అగ్రిమెంట్’ రాసుకుంటారు. ఏ కోర్సులు చదువుతారు, వాటికి ఎన్ని క్రెడిట్లు, ఇంటి యూనివర్సిటీలో అవి దేనికి సమానం అన్నది అందులో ఉంటుంది. విద్యార్థి, రెండు యూనివర్సిటీలు, ముగ్గురూ సంతకం పెడతారు. యూరప్ ఉమ్మడి క్రెడిట్ పద్ధతి ఈసీటీఎస్‌లో ఏడాది చదువుకు 60 క్రెడిట్లు.

మన దగ్గరా దారి తెరుచుకుంటోంది. సంపాదించిన క్రెడిట్లను దాచుకుని బదిలీ చేసుకునే అకడమిక్ బ్యాంక్ ఆఫ్ క్రెడిట్స్ 2021లో వచ్చింది. విదేశీ యూనివర్సిటీలతో ట్విన్నింగ్, జాయింట్ డిగ్రీ, డ్యుయల్ డిగ్రీలకు యూజీసీ 2022లో నిబంధనలు తెచ్చింది. ట్విన్నింగ్‌లో 30 శాతం దాకా క్రెడిట్లు విదేశంలో సంపాదించవచ్చు. నిబంధన ఉంటే సరిపోదు, మీ కాగితం మీ దగ్గర ఉండాలి. కోర్సు సిలబస్‌లు ప్రింట్ తీసి హెచ్‌ఓడీకి చూపించండి. ఏది దేనికి సమానమో రాతపూర్వకంగా తీసుకోండి. ‘వచ్చాక చూద్దాంలే’ అంటే ఒప్పుకోకండి. మర్యాదగా, గట్టిగా అడగండి.

డబ్బు సంగతి. రెండు యూనివర్సిటీల మధ్య ఎక్స్ఛేంజ్ ఒప్పందం ఉంటే సాధారణంగా మీరు కట్టేది ఇక్కడి ఫీజే, అక్కడి ట్యూషన్ ఫీజు ఉండదు. ఉండడానికి, తినడానికి, ప్రయాణానికి చూసుకోవాలి. పీజీ చేయాలనుకునేవాళ్లు ఎరాస్మస్ ముండస్ గురించి చదవండి. కనీసం రెండు దేశాల్లో చదివే మాస్టర్స్ అది. స్కాలర్‌షిప్ వస్తే నెలనెలా ఖర్చులకు డబ్బిస్తారు. ఏజెంట్ అక్కర్లేదు. దరఖాస్తు మీరే పెట్టుకోవచ్చు.

మాస్టారూ, ఇది మీకు కూడా!

లెక్చరర్లు, ప్రొఫెసర్లు ఈ పేజీ తిప్పేయకండి. ఒక విద్యార్థి వెళ్లొస్తే ఒకరు మారతారు. మీరు వెళ్లొస్తే మీరు రిటైరయ్యే దాకా మీ క్లాసులో కూర్చునే ప్రతి బ్యాచ్ మారుతుంది.

జెరూసలేంలోని హీబ్రూ యూనివర్సిటీ ప్రొఫెసర్ డేవిడ్ షుల్మన్ 2006లో నెలల తరబడి రాజమండ్రిలో ఉన్నారు. అప్పటికే ఆయన పేరున్న పండితుడు. వెల్చేరు నారాయణరావు గారితో కలిసి తెలుగు కావ్యాలను ఇంగ్లిష్‌లోకి తెచ్చినవారు. అయినా వచ్చారు. గోదావరి గాలి పీల్చారు, మన ఎండలు భరించారు, తెలుగు కావ్యాలు ఇక్కడే కూర్చుని చదువుకున్నారు. ఆ రోజుల డైరీ 2009లో ‘స్ప్రింగ్, హీట్, రెయిన్స్’ పేరుతో పుస్తకమైంది. అంతటి ప్రొఫెసరే మళ్లీ విద్యార్థిలా కూర్చున్నారు. మనకేం అడ్డు?

మీకు దారులున్నాయి. భారత్–అమెరికా ఫుల్‌బ్రైట్ ఒప్పందం 1950 నాటిది. 2008లో భారత ప్రభుత్వం సమాన భాగస్వామిగా చేరాక అది ఫుల్‌బ్రైట్–నెహ్రూ అయింది. అధ్యాపకులకు ప్రత్యేక ఫెలోషిప్పులున్నాయి. వాటి మీద వెళ్లేవాళ్లకు ఇచ్చేది జె-1 వీసా. పూర్తయ్యాక రెండేళ్లు స్వదేశంలో గడపాలన్న షరతు ఉంటుంది, ఆ తర్వాతే హెచ్-1బీ లాంటివాటికి వీలవుతుంది. ఈ షరతు నాకు చాలా నచ్చుతుంది. నేర్చుకున్నది ముందు మన పిల్లలకు అందాలి కదా!

వెళ్లలేని పరిస్థితా? ఇంట్లో పెద్దవాళ్లున్నారా? పిల్లలు చిన్నవాళ్లా? ఫర్వాలేదు. విదేశీ ప్రొఫెసర్లు మన కాలేజీలకు వచ్చి కోర్సు చెప్పే ‘జ్ఞాన్’ పథకం 2015 నుంచి ఉంది. రెండు దేశాల క్లాసులు ఆన్‌లైన్‌లో కలిసి ఒకే ప్రాజెక్టు చేసే ‘కాయిల్’ పద్ధతికి న్యూయార్క్ స్టేట్ యూనివర్సిటీ 2006లో ఒక కేంద్రమే పెట్టింది. ఒక మెయిల్‌తో మొదలుపెట్టవచ్చు.

వెళ్లొచ్చిన మాస్టార్లకు ఒకటే పని చెబుతాను. మొదటి సెమిస్టర్‌లోనే ఒక కోర్సు మార్చండి. ఒక్కటే. ఇంటర్నల్స్‌లో ఐదు మార్కులు చర్చకు పెట్టండి. సిలబస్‌ను మొదటి రోజే వారంవారీగా కాగితం మీద ఇవ్వండి. తలుపు మీద ‘మంగళవారం 3 నుంచి 4, ఎవరైనా రావచ్చు’ అని రాసి అంటించండి. మొదటి రెండు వారాలు ఎవరూ రారు. మూడో వారం ఒకరు వస్తారు. ఆ ఒక్కరి కోసం కూర్చోండి.

తిరిగొచ్చాక

వచ్చేటప్పుడు అంతా అయిపోయిందనుకుంటారు. అసలు పరీక్ష అప్పుడే. ఇంటికొచ్చాక మళ్లీ ఒక దిగులుంటుందని 1963లోనే జాన్, జీన్ గల్లాహార్న్ అనే పరిశోధకులు రాశారు. ‘యు’ గీత పక్కన ఇంకో ‘యు’ చేర్చి ‘డబ్ల్యూ’ అన్నారు. ట్రాఫిక్ చిరాకు పుట్టిస్తుంది. ఫ్రెండ్స్ మీ కబుర్లు రెండు రోజులు విని, మూడో రోజు టాపిక్ మార్చేస్తారు. ‘అక్కడైతేనా...’ అనే మాట మీ నోట్లోంచి తెగ వస్తుంది. ఆ మాట ఆపేయండి. మీరు చూసింది చెప్పడం కంటే చేసి చూపించడం మేలు.

చదివేందుకు ఒక గ్రూప్ పెట్టండి. జూనియర్ల దరఖాస్తులు దిద్దండి. మీ ఎస్ఓపీ, మీ బడ్జెట్, మీకొచ్చిన రిజెక్షన్ మెయిల్‌తో సహా వాళ్లకివ్వండి. మీ క్యాంపస్‌కు వేరే దేశం విద్యార్థి వస్తే మొదటి వారం మీరే తోడుండండి. హైదరాబాద్ యూనివర్సిటీలో ‘స్టడీ ఇన్ ఇండియా ప్రోగ్రామ్’ కింద విదేశీ విద్యార్థులు వచ్చి సెమిస్టర్ చదువుకుంటారు. వాళ్లకు ఆటో బేరం నుంచి లైబ్రరీ కార్డు దాకా ఎవరో ఒకరు చెప్పాలి. వెళ్లే అవకాశం రాని విద్యార్థికి కూడా అది పెద్ద చదువే.

ఇక ఆలోచన చాలు. సోమవారం పొద్దున మీ కాలేజీ ఇంటర్నేషనల్ రిలేషన్స్ ఆఫీసుకు వెళ్లండి. ఆ ఆఫీసు లేకపోతే ప్రిన్సిపల్ గారినే అడగండి. ప్రశ్నలు మూడు. మనకు ఏ యూనివర్సిటీలతో ఒప్పందాలున్నాయి? నా కోర్సుకు క్రెడిట్లు బదిలీ అవుతాయా? పోయినసారి ఎవరు వెళ్లారు, వాళ్ల నంబరు ఇప్పిస్తారా? మూడో ప్రశ్న తప్పకుండా అడగండి, ఎక్కువ సమాచారం అక్కడే దొరుకుతుంది. ఇక పాస్‌పోర్ట్ లేనివాళ్లు ఈ వారమే అప్లై చేయండి. పద్దెనిమిదేళ్లు నిండినవాళ్లకు అది పదేళ్లు చెల్లుతుంది.